దొంగమాట

వీరవేణి వేలి కింద అబద్ధం బతకదని ఆ ప్రెస్సులో పాతవాళ్ళందరికీ తెలుసు. అందరికన్నా త్రిమూర్తులుకి బాగా తెలుసు. ఆ వేలి పుణ్యమా అని అతను కొన్నన్ని టీలు కాకినాడలో ఇంకెవరూ కొని ఉండరు.

జగన్నాథపురం వంతెన దాటాక ఒక పాత గోడౌనులో ఉండేది ఆ బ్రెయిలీ ప్రెస్సు. అక్కడ ప్రూఫు చూడాలంటే ఇద్దరు మనుషులు కావాలి. చూపున్నవాళ్ళు మామూలు అచ్చు పుస్తకం పట్టుకుని పైకి చదువుతారు. చూపు లేనివాళ్ళు చుక్కల కాగితం మీద వేలు నడుపుతూ, చెవికి వినిపించిందీ వేలికి తగిలిందీ ఒకటేనా అని చూసుకుంటారు. లైను సరిగ్గా ఉంటే "ఊఁ" అంటారు. తేడా వస్తే బల్ల మీద ఒక్క దెబ్బ. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఈ "ఊఁ"లు నిద్రలోంచి కూడా వచ్చేస్తుంటాయి. అందుకని ఎప్పుడో ఎవరో పెద్దమనిషి అక్కడొక ఆచారం పెట్టాడు. చదివేవాడు పేజీకొక మాట కావాలని తప్పు చదవాలి. దాన్ని దొంగమాట అనేవారు. దొరికిపోతే చదివినవాడు టీ ఇప్పించాలి. పట్టుకోలేకపోతే వేలు పెట్టినవాళ్ళు ఇప్పించాలి.

త్రిమూర్తులు అప్పట్లో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతూ, ఖాళీ వేళల్లో ఆ ప్రెస్సుకొచ్చి చదివిపెట్టేవాడు. వీరవేణి ఉప్పాడ నేతగాళ్ళ పిల్ల. చిన్నప్పుడు పొంగు వచ్చి చూపు పోయింది. నాన్న మగ్గం పక్కన కూర్చుని, నేస్తున్న చీర మీద చెయ్యి వేసి ఇది చిలక బుటా, ఇది మామిడిపిందె అని చెప్పేదట. తెగిన పోగు మగ్గం మీద ఎక్కడుందో కళ్ళున్న తమ్ముడికంటే ముందు తనకే దొరికేదట. అలాంటి మనిషి దగ్గర త్రిమూర్తులు ఆటలు ఏం సాగుతాయి? "ఎండాకాలం" అని ఉన్నచోట "వేసవికాలం" అని చదివినా సరే, టప్పున దెబ్బ పడేది. "అల్లం ఎక్కువ వెయ్యమనండి" అనేది నవ్వుతూ. చివరికి అతను పెళ్ళి చేసుకుందామా అని అడిగినప్పుడు కూడా ఆమె బల్ల మీద వేలు పెట్టి కాసేపు ఆగింది. తర్వాత "ఊఁ" అంది.

అన్నీ బాగానే ఉండేవి, పుస్తకాలు సమయానికి అందితే. పదో తరగతి సాంఘికశాస్త్రం ఒక్కటి చుక్కల్లోకి మార్చితే ఎనిమిది లావుపాటి సంపుటాలయ్యేది. అచ్చు పుస్తకం చేతికొచ్చేది ఆగస్టులో. కొట్టి, ప్రూఫు చూసి, దిద్ది, కుట్టి, బళ్ళకు పంపేసరికి పబ్లిక్ పరీక్షలు అయిపోయి పిల్లలు సెలవులకు వెళ్ళిపోయేవారు. జూన్‌లో కొత్త పిల్లలు ఆ పుస్తకాలు అందుకునేసరికి సిలబస్ మారేది. పోనీ కంప్యూటరు చదివిపెడుతుందిలే అనుకుంటే, ఫైళ్ళన్నీ ఎప్పటివో పాత ఫాంట్లలో ఉండేవి. యంత్రం వాటిని చదివితే తెలుగులా కాదు, ఎవరో నోట్లో గులకరాళ్ళు వేసుకుని తిడుతున్నట్టు వినిపించేది. చదువుకోవాలని ఉండి, బుర్ర ఉండి, పుస్తకం ఒక్కటే లేని పిల్లల్ని చూసి చూసి త్రిమూర్తులుకి కడుపు మండిపోయేది.

ఆ మంటలోంచి పుట్టింది పలక.

పాత ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో డాక్టర్ హైమవతి నడిపే చిన్న ప్రయోగశాలలో అతనికి ఉద్యోగం దొరికింది. ఆవిడకి చర్మం సంగతులు తెలుసు, ఇతనికి తీగల సంగతులు తెలుసు. ఇద్దరూ కొన్నేళ్ళు తలలు బద్దలుకొట్టుకుని ఒకరోజు నున్నటి గాజు బిళ్ళ ఒకటి తయారుచేశారు. త్రిమూర్తులు దాన్ని ఇంటికి తెచ్చి, వంటింటి గట్టు మీద పెట్టి, వీరవేణి చూపుడువేలు దాని మీద ఆనించాడు.

"ఇదేంటండీ, అద్దం మీద చుక్కలు పొడిచారు?"

"పొడవలేదు. అక్కడేం లేవు."

"లేకపోవడమేంటి? నాకు తగుల్తుంటే! 'అ', 'మ్మ'... అబ్బ, ఎంత పదునుగా ఉన్నాయో. కొత్త మేకుల్లా ఉన్నాయి."

అతను మీట నొక్కి కరెంటు ఆపాడు. వీరవేణి వేలు గాజు మీద జర్రున జారింది. ఆమె ఉలిక్కిపడి మళ్ళీ తడిమింది. మీట వేశాడు. చుక్కలు మళ్ళీ వచ్చాయి. ఎక్కడ వేలుంటే అక్కడ, సన్నటి గిలిగింతలాంటి కరెంటు చర్మానికి "ఇక్కడ చుక్క ఉంది" అని చెబుతుంది. చర్మం నమ్మేస్తుంది. అంతే.

"ఓరి మీ తెలివి తగలెయ్య! దొంగచుక్కలు!" అని వీరవేణి పడీపడీ నవ్వింది. "నన్నే మోసం చేశారు. ఇన్నేళ్ళకి టీ నేను ఇప్పించాలన్నమాట."

"దీనికి లెక్క లేదులే. ఇది ఆట కాదుగా" అన్నాడు త్రిమూర్తులు. ఆరోజు అతని ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఆ తర్వాత మూడేళ్ళు వీరవేణి వేలే ఆ ప్రయోగశాలకు తూకంరాయి. ప్రెస్సు పని ముగించుకుని సాయంత్రం వచ్చి కూర్చునేది. చుక్క ఎంత గట్టిగా ఉండాలి, గీత ఎంత సన్నంగా ఉండాలి, గుండె బొమ్మలో కవాటం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, అన్నీ ఆ వేలిని అడిగే తేల్చారు. ఆమె "ఊఁ" అంటే అది ఖాయం. బల్ల మీద కొడితే హైమవతి మళ్ళీ తీగలన్నీ ఊడదీయించేది. ప్రూఫు మనిషిని పెట్టుకున్నాం, ఇక తప్పెక్కడ మిగులుతుందని అందరికీ ధీమా.

మూడేళ్ళూ గడిచాక జూన్‌లో బడి తెరిచిన రోజునే, ఊరి చివర చూపు లేని పిల్లల బళ్ళో పదో తరగతి వాళ్ళందరికీ తలొక పలక ఇచ్చారు. పాఠ్యపుస్తకాలన్నీ అందులోనే. ఫైళ్ళను మార్చే బాధ కూడా హైమవతి మనుషులే పడ్డారు. దీవెన అని ఒక పిల్ల, ఎప్పుడూ ముందు బెంచీలోనే కూర్చునేది, భారతదేశం పటం తెరిచి నదుల మీద వేలు పెట్టింది. త్రిమూర్తులు పక్కన నిలబడి చూస్తున్నాడు. నాసిక్ దగ్గర్నుంచి బయల్దేరిన వేలు మెల్లగా కిందికీ పక్కకీ తిరుగుతూ వచ్చి అంతర్వేది దగ్గర ఆగింది.

"సార్, గోదారి ఇంత వంకరగా వస్తదాండి? నిటారుగా వచ్చేస్తదనుకున్నానండి."

"నిటారుగా అని ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదండి. ఎవరూ చెప్పకపోతే నేనే అనుకున్నానండి."

త్రిమూర్తులు ఏదో పనున్నట్టు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

పలక విజయం చూసి పైవాళ్ళు ప్రెస్సుకి కాగితం ఇవ్వడం ఆపేశారు. ఇంత మంచి పలక ఉండగా ఇంకా ఆ బరువులెందుకన్నారు. చవితి వెళ్ళాక ఒకరోజు ప్రెస్సులోని జింకు అచ్చురేకులన్నీ లారీకెత్తి తుక్కు కింద పంపేశారు. వాటిమీద చుక్కలు కొట్టినవాళ్ళు గేటు దగ్గర నిలబడి చూశారు. త్రిమూర్తులు కూడా చూశాడు. బాధేసింది కానీ, పాతనీరు పోతేనే కదా కొత్తనీరు వచ్చేది అని సర్దిచెప్పుకున్నాడు. వచ్చేటప్పుడు గుర్తుగా ఒక సంపుటం అడిగి తెచ్చుకున్నాడు. సాంఘికశాస్త్రంలో ఆఖరున కొట్టిన భాగం అది. ప్రూఫు చూడకముందే ప్రెస్సు మూతపడింది.

ఇంట్లో చిన్న చిన్న తేడాలు మొదలయ్యాయి. అన్నంలో రాళ్ళు వచ్చేవి. వీరవేణి చేటలో పోసుకుని చేత్తో ఒకసారి అలా అంటే రాయన్నది మిగిలేది కాదు, అలాంటిది పంటి కింద కరకర. "రేషన్ బియ్యంలా ఉన్నాయేంటి" అన్నాడు త్రిమూర్తులు. "కొట్టు మార్చాలండి" అందామె. ఒకరోజు చీర తిరగేసి కట్టుకుని ప్రయోగశాలకు వచ్చింది. "ఇదేం కొత్త ఫ్యాషను?" అని అతను ఆటపట్టిస్తే, "మీ కళ్ళెందుకున్నాయి మరి, ఇంట్లోనే చెప్పొచ్చుగా!" అని ఎదురు దబాయించింది. పెళ్ళికి నాన్న నేసిచ్చిన చీర కొంగున చిలకల మీద వేలు రాస్తూ కూర్చోవడం ఆమెకు అలవాటు. ఆ అలవాటు ఎప్పుడు పోయిందో అతను గమనించనేలేదు. ఊరందరి వేళ్ళ గురించీ ఆలోచించే మనిషికి పక్కనున్న వేలు కనిపించలేదు.

బళ్ళో మాత్రం అంతా బ్రహ్మాండం. అర్ధసంవత్సర పరీక్షల్లో పిల్లలందరికీ మార్కులు పెరిగాయి. దీవెన లెక్కల్లో బొమ్మల ప్రశ్నలకు కూడా జవాబు చెప్పి రాయించింది. ఒకనాడు త్రిమూర్తులు పలకలు సరిచూడటానికి వెళ్తే ఆ పిల్ల సంతోషంగా దగ్గరకొచ్చింది.

"సార్, మా అమ్మ చెయ్యి మెత్తబడిందండి."

దీవెన తల్లి రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే పనికి వెళ్తుంది. నీళ్ళలో, ఐసులో నాని ఆవిడ చేతులు పగిలిపోయి ఉంటాయని బళ్ళో అందరికీ తెలుసు.

"మొన్నాదివారం చర్చి అయ్యాక వచ్చి నా చెయ్యి పట్టుకుందండి. ఇంతకుముందు ఆకురాయిలా ఉండేదండి. ఇప్పుడు టీచరమ్మగారి చెయ్యిలా ఉందండి. ఫ్యాక్టరీలో గ్లౌజులు ఇస్తున్నారేమోనండి."

"ఇస్తే మంచిదేగా" అన్నాడు త్రిమూర్తులు. ఆ మాట అతనికి తర్వాత చాలాకాలం నిద్ర పట్టనివ్వలేదు.

మాఘమాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. పనేమీ లేదు. త్రిమూర్తులుకి పాతరోజులు గుర్తొచ్చి, ప్రెస్సు నుంచి తెచ్చుకున్న సంపుటం బల్ల మీద పెట్టాడు. అచ్చు పుస్తకం తను పట్టుకున్నాడు.

"రా, ఒక పేజీ చూద్దాం. టీ పందెం."

"ఇప్పుడెందుకండీ, నిద్రొస్తోంది."

"ఓడిపోతానని భయమా?"

వీరవేణి వచ్చి కూర్చుంది. కాగితం అంచు పట్టుకుని, పై లైను మొదట్లో వేలు ఆనించింది. అతను చదవడం మొదలుపెట్టాడు. వేలు ఎప్పటిలాగే అతని గొంతుతో పాటు కదిలింది. మొదటి లైను. "ఊఁ." రెండో లైను. "ఊఁ." మూడో లైనులో జనపనార అని ఉన్నచోట "పత్తి" అన్నాడు.

"ఊఁ."

నిద్రమత్తేమో అనుకున్నాడు. మరో రెండు లైన్లు పోనిచ్చి, పడమర అని ఉన్నచోట "తూర్పు" అన్నాడు.

"ఊఁ."

 ఈసారి ఒక వాక్యం మొత్తం వదిలేశాడు. వీరవేణి వేలు ఆగలేదు, తడబడలేదు. అతని గొంతు ఆగినచోట లైను చివరికి వచ్చి ఆగింది. "ఊఁ" అంది.

త్రిమూర్తులు పుస్తకం మూశాడు. ఆ చప్పుడుకి ఆమె వేలు కాగితం మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇంకేమీ అడగకుండానే ఇద్దరికీ అర్థమైపోయింది.

"ఎప్పట్నుంచి?"

"చవితికే." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "పత్రి తెచ్చారు గుర్తుందా? ఏటా ఆకులు వేరు చేసేది నేనేగా. ఏది ముట్టుకున్నా ఒకటే అనిపించింది. మాచిపత్రీ అంతే, మారేడూ అంతే. నడుం నొప్పని చెప్పి లేచిపోయాను."

"చెప్పవేం మరి? నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేస్తారు? ఆపేస్తారు. మీరు ఆపకపోయినా హైమవతిగారు ఆపేస్తారు. పిల్లలకి అప్పుడే కదండీ పలకలిచ్చింది! ఆ గోదారి పిల్ల ఎంత సంబరపడిందో మీరే ఇంటికొచ్చి చెప్పారు. నేను ఎనిమిదో క్లాసులోనే మానేశానండీ, పుస్తకాల్లేక. నాకు తెలుసు అదెలా ఉంటదో."

"నీ వేలు పోయింది, వీరవేణీ!"

"నాది ఒక్కదానిదే అనుకున్నాను. మూడేళ్ళు దాని మీద రాసి రాసి అరగ్గొట్టుకున్నాను, పిల్లలకి అంత దూరం రాదులే అనుకున్నాను." ఆగి, మెల్లగా అడిగింది. "రాదు కదండీ?"

త్రిమూర్తులు చెవిలో ఆ పిల్ల గొంతు వినిపించింది. మా అమ్మ చెయ్యి మెత్తబడిందండి. అతను లేచి వెళ్ళి హైమవతికి ఫోను చేశాడు.

మర్నాడు హైమవతి స్వయంగా బడికి వచ్చింది.  పాత చుక్కల కాగితాలు పిల్లలందరికీ తలొకటి ఇచ్చి చదవమన్నారు. గదిలో కాగితాల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒకడు కాగితం తిరగేసి, చుక్కలు వెనకవైపు ఉన్నాయేమోనని వెతికాడు. ఒకమ్మాయి చెయ్యి గౌనుకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. దీవెన అందరికన్నా ముందు చెయ్యెత్తింది.

"సార్, ఇది అచ్చవ్వలేదండి."

ఆ కాగితం మీద చుక్కలు త్రిమూర్తులుకి కిటికీ వెలుగులో స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నాయి. నిలువుగా, వరసగా, ఆరోగ్యంగా.

నరాల డాక్టరు పిల్లల్ని చూసి వేళ్ళు బాగానే ఉన్నాయన్నాడు. పెద్ద గొంతుతో అరిచేవాళ్ళ మధ్య చాలాకాలం ఉన్నవాడికి మామూలు మాట వినిపించనట్టు, పలక పదునుకి అలవాటుపడ్డ మెదడు నిజమైన చుక్కను పట్టించుకోవడం మానేసింది. మళ్ళీ పట్టించుకుంటుందా అని అడిగితే, కావచ్చు అన్నాడు. ఎప్పటికి అంటే చేతులెత్తేశాడు.

"మూడేళ్ళు అడిగింది ఒక్కటే ప్రశ్న, త్రిమూర్తులుగారూ" అంది హైమవతి తిరుగు ప్రయాణంలో. "పలకని ఎంత బాగా చదువుతున్నారు, అంతే. ఒక్కనాడైనా పాత కాగితం చేతికిచ్చి చూశామా? ఇంక కాగితంతో పనేముందిలే అనుకున్నాం. మన తూకంరాయే అరిగిపోతుంటే, దాంతోనే మనం తూకం వేశాం."

"ఇప్పుడేం చేద్దాం మేడమ్?"

"ఆపేద్దాం. ఇంకేం చేస్తాం? రోజూ వాడినకొద్దీ వేళ్ళ స్పర్శ ఇంకా దిగిపోతుంది."

"పరీక్షలు వచ్చేస్తున్నాయండి. పలక తీసేస్తే వాళ్ళకి పుస్తకమే లేదు. ప్రెస్సు లేదు. ఉన్నా కాగితం చదవలేరు."

హైమవతి కిటికీ వైపు తిరిగింది. "తెలుసండీ" అంది. "తెలిసి పిల్లల చేతుల్లో ఎలా ఉంచను?"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. త్రిమూర్తులు వేసిన మందు తన ఇంట్లోదీ, బళ్ళోదీ, రెండూ ఊడగొట్టింది. ఇంటికెళ్ళి చెబితే వీరవేణి మొదటిసారి అతని మీద విరుచుకుపడింది.

"పరీక్షల ముందు పిల్లల చేతిలో పుస్తకం లాక్కుంటారా? అంతకన్నా పాపం ఉందా? ఆ నాలుగు వారాలూ ఉంచండి. పోయిందేదో పోయింది!"

"ఆ నాలుగు వారాల్లో ఇంకేం పోతుందో ఎవరికి తెలుసు? ఇప్పుడైతే తిరిగొచ్చే ఆశైనా ఉందంటున్నాడు."

"ఆశ! నాకు ఆశ పెట్టండి, పడుంటాను. ఆ పిల్లలకి పుస్తకం ఇవ్వండి."

ఆమె చెప్పిందీ నిజమే. హైమవతి చెప్పిందీ నిజమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యీ గొయ్యీ రెండూ తను తవ్వినవే. దేవుడా, వీళ్ళకి మంచి చేద్దామనే కదా మొదలెట్టాను అనుకుంటూ త్రిమూర్తులు పెరట్లో కూర్చుని ఏడ్చాడు. ఏడిస్తే తీరేదైతే ఎవరైనా ఏడుస్తారు.

పలకలు వెనక్కి తెచ్చే పని కూడా అతని నెత్తినే పడింది. వేరేవాళ్ళను పంపుతానంది హైమవతి. ఇచ్చినవాడినే తీసుకోనివ్వండి అన్నాడు. పిల్లలకు టీచరమ్మ ముందే అంతా చెప్పింది. ఎవరూ గొడవ చెయ్యలేదు. గొడవ చేసి ఉంటే అతనికి కొంత తేలికగా ఉండేది. ఒక్కొక్కరే వచ్చి పలక అతని చేతిలో పెట్టి వెళ్ళారు. దీవెన ఆఖరున వచ్చింది.

"సార్, గోదారి ఇంకొక్కసారి చూసి ఇచ్చేస్తానండి."

అతను తలూపాడు. ఊపితే ఆ పిల్లకు కనిపించదని గుర్తొచ్చి "చూడమ్మా" అన్నాడు. వేలు నాసిక్ దగ్గర బయల్దేరింది. ఈసారి చాలా మెల్లగా వచ్చింది. పైఠాన్ దగ్గర ఆగింది, భద్రాచలం దగ్గర ఆగింది, పాపికొండల దగ్గర సన్నబడినచోట రెండుసార్లు వెనక్కీ ముందుకీ తిరిగింది. అంతర్వేది దాకా వచ్చి సముద్రంలోకి కూడా కాస్త దూరం వెళ్ళింది. అక్కడ ఏమీ ఉండదు, నున్నటి గాజే.

పలక ఇస్తూ అడిగింది. "సార్, అయితే మా అమ్మ చెయ్యి మెత్తబడలేదాండి?"

త్రిమూర్తులు ఆ పలకని మిగతావాటి మీద పెట్టాడు. ఆ పిల్ల "పోన్లెండి" అని గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

పరీక్షల దాకా రోజూ సాయంత్రం అతనే బడికి వెళ్ళి పాఠాలు పైకి చదివిపెట్టాడు. గొంతు పోయేదాకా చదివాడు. పిల్లలు చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నారు. ఏ పాఠం ఎప్పుడు చదవాలో, ఏది మళ్ళీ చదవాలో అన్నీ అతన్ని అడగాల్సిందే. పుస్తకం కోసం ఇంకొకరి నోటికేసి చూడకూడదనే కదా పలక చేసింది! ఒకరోజు చదువుతూ చదువుతూ పాత అలవాటు కొద్దీ ఎక్కడో ఒక దొంగమాట దొర్లింది. గదిలో ఎవరూ బల్ల కొట్టలేదు. అందరూ దాన్నే నోట్లో అనుకుని బట్టీ పట్టుకోవడం మొదలుపెట్టారు. అతను గబగబా తప్పు చెప్పి, లెంపలేసుకుని, మళ్ళీ చదివాడు.

పరీక్షలు అయ్యాయి. కొందరు పాసయ్యారు, కొందరు తప్పారు. దీవెన పాసయింది. లెక్కల్లో బొమ్మల ప్రశ్నలు వదిలేసిందట. కాలేజీలో చేరింది. అక్కడా పుస్తకాల్లేవు.

వేలు తిరిగొస్తుందేమోనని డాక్టరు చెప్పిన సాధన ఒకటే. రోజూ నిజమైన చుక్కల మీద వేలు పెట్టి ఉంచాలి. అందుకని వీరవేణి, త్రిమూర్తులు రోజూ సాయంత్రం ఆ ఆఖరి సంపుటం ముందేసుకుని కూర్చుంటారు. అతను చదువుతాడు, ఆమె వేలు నడుపుతుంది. మొదట్లో పేజీకి ఒక దొంగమాట వేసేవాడు. తర్వాత లైనుకొకటి వెయ్యడం మొదలుపెట్టాడు, ఎక్కడో ఒకచోటైనా ఆ వేలికి తగలకపోతుందా అని. వానలు వచ్చాయి, వెళ్ళాయి. చవితి వచ్చింది. పత్రి అతనే వేరు చేశాడు. పుస్తకంలో ఉన్నదానికీ అతని నోట్లోంచి వచ్చేదానికీ సంబంధం లేకుండా పోయింది. ఆమె మాత్రం ప్రతి లైనుకీ ఓపిగ్గా "ఊఁ" అంటూనే ఉంది. ఒక్కోసారి అతని గొంతు వణికితే, "కాస్త మంచినీళ్ళు తాగండి" అనేది.

కార్తీకంలో ఒక సాయంత్రం. అతనికి ఆరోజు అబద్ధాలు వెయ్యడానికి కూడా మనసు రాలేదు. ఉన్నది ఉన్నట్టు చదువుకుంటూ పోతున్నాడు. పేజీ సగంలో ఉన్నారు.

టప్‌మని దెబ్బ పడింది.

త్రిమూర్తులు చటుక్కున తలెత్తాడు. వీరవేణి మొహం అతని వైపు తిరిగి ఉంది. పెదవుల మీద ఆ పాత నవ్వు. "దొరికారు" అంది.

అతను కాగితం వైపు చూశాడు. ప్రెస్సు రోజుల్లో కంటితో చదవడం నేర్చుకున్న ఆ చుక్కల్లో ఆమె వేలున్నచోట ఏముందో వెతికి, పుస్తకంతో పోల్చుకుని, ఇంకోసారి పోల్చుకున్నాడు. అతను చదివిందీ కాగితం మీద ఉన్నదీ ఒకటే. ఆ లైనులో తప్పు లేదు. పై లైనులోనూ లేదు, కింద లైనులోనూ లేదు. ఆమె వేలు లైను మీద కూడా లేదు, రెండు లైన్ల మధ్య ఖాళీలో ఉంది.

ఇన్ని నెలలుగా పట్టుబడదామనే ఆడుతూ ఈ మనిషి రోజూ ఓడిపోతున్నాడని, ఒక్కసారి గెలిచాననిపిద్దామని కొట్టిన దెబ్బ అది.

"దొరికాను కదూ" అన్నాడు త్రిమూర్తులు.  "నీ వేలి కింద అబద్ధం చెల్లదని తెలిసీ వేశాను."

 అతనికి తెలిసిపోయిందని వీరవేణికీ తెలిసే ఉంటుంది. గొంతులో తేడా ఆ చెవికి దొరక్కుండా పోదు. వేలు మాత్రం కాగితం మీద నుంచి తియ్యలేదు.

అతను చెప్పులేసుకుని, మూలనున్న ప్లాస్కు తీసుకుని, వీధి చివర టీకొట్టుకి బయల్దేరాడు. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"అల్లం ఎక్కువ వెయ్యమనండి."